పాత గాలి తుపాకి – విడి భాగముల విలువ

మన సంఘ సభ్యులలో కొందరి యిండ్లయందు తాతల నాటి గాలి తుపాకులు నేటికిని అటకల మీదనో, ధాన్యపు గదుల మూలలనో పడియున్నవి. కొన్నిటికి కొయ్య విరిగినది, కొన్నిటికి స్ప్రింగు సడలినది, కొన్ని దుమ్ము పట్టియున్నను చెక్కు చెదరక యున్నవి. ఇట్టివానిని అమ్మదలచినపుడు ఏ భాగమునకు ఎంత వెల కట్టవలయునో తెలియక మన కర్షకులు నష్టపోవుచున్నారు. విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయవలసిన ఈ పుటలలో గాలి తుపాకి ప్రసంగమేల యని చదువరులు కొందరు నవ్వవచ్చును. కాని ఈ విషయమున మేమే ఒక తప్పు సలహా నిచ్చి, ఒక కుటుంబమునకు నష్టము కలుగుటకు కారకులమైతిమి. ఆ తప్పును దాచుకొనుట కంటె పదుగురికి తెలుపుట మేలని యెంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గత సంవత్సరము కోతల ముందు, పొలము పనిమీద ఒక గ్రామమునకు పోయినపుడు, సంఘ సభ్యుడు ఒకరు కాలము చేసిన యింటికి పరామర్శకై వెళ్లితిమి. ఆ యింటి పెద్దమ్మగారు మోటారు మరమ్మతునకు సొమ్ము చాలక చిక్కుపడుచుండిరి. అటక మీది నుండి గోనెలో చుట్టిన యొక గాలి తుపాకిని దింపించి, “నాయనా, దీనికేమైన వచ్చునా?” యని యడిగిరి. పాత ఇనుము కొనువాడు తూకము లెక్కన కొన్ని వందల రూపాయలు మాత్రమే ఇచ్చెదననెనట. అది ఇంగ్లాండులో చేసిన పాత బి. ఎస్. ఏ. తుపాకి. భాగములన్నియు ఉన్నవి. మేము కొంత తెలిసినవారమను ధీమాతో, “పెద్దమ్మగారూ, తూకమునకు అమ్మవలదు. ఇట్టివాని విడి భాగములకు గిరాకి కలదు. భాగములుగా అమ్మిన ఎక్కువ వచ్చును” అని చెప్పి వచ్చితిమి.

పది దినములలో పట్టణము నుండి ఒకరు వచ్చి, గుండు వేయు కుళాయిని, వెనుకటి గురిని, క్రింది మీటను, ట్రిగ్గరును విప్పించుకొని, నాలుగు భాగములకు రెండు వేల రూపాయలిచ్చి పోయిరి. తూకము ధర కంటె అది ఎక్కువే గనుక ఇంటివారు సంతోషించిరి. ఆ పిమ్మట మిగిలినదానిని కొనువారే లేకపోయిరి. వచ్చిన ప్రతివాడును, “కుళాయి లేదు, మీట లేదు, దీనిని ఏమి చేసికొందుము?” అని పోవుచుండెను. మేము మరల వెళ్లినపుడు పెద్దమ్మగారు కోపపడలేదు. “నాయనా, ఎద్దును అమ్మక కాళ్లు అమ్మితిమి గదా” అని మాత్రమనిరి. ఆ మాట మాకు నేటికిని చెవిలో మ్రోగుచున్నది.

ఆ తుపాకి యెట్టిదో మొదట చెప్పవలసియున్నది. బర్మింగ్‌హాము నగరపు తుపాకి పనివారు కొందరు కలిసి 1861లో స్థాపించిన కంపెనీయే బి. ఎస్. ఏ. ఆ నగరమందే లింకన్ జెఫ్రీస్ అను తుపాకి పనివాడు 1904లో ఒక క్రొత్త పద్ధతి గాలి తుపాకికి పేటెంటు పొందెను. దాని ననుసరించి బి. ఎస్. ఏ. వారు స్మాల్ హీత్‌లోని తమ కర్మాగారమున 1905 నుండి గాలి తుపాకులు చేయసాగిరి. గొట్టము విరచి బిగించు అగ్గువ రకముల వలె గాక, ఇందు గొట్టము కదలక నిలిచియుండును. గొట్టము క్రిందనున్న మీటను లాగినపుడు లోపలి పిస్టను వెనుకకు పోయి స్ప్రింగును అణచును. ఈ పద్ధతి తుపాకులు, కొలది మార్పులతో, 1939లో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చువరకు తయారైనవి. యుద్ధానంతరము 1948లో వచ్చిన ఎయిర్‌స్పోర్టరు అను రకమున మీటను కొయ్యలోపల దాచిరి. యుద్ధమునకు ముందటి తుపాకులు ఇక క్రొత్తగా పుట్టవు గావున, వానిని బాగుచేసి ఉంచుకొనువారు ఇంగ్లాండులోను ఇతర దేశములలోను వాని భాగములకై వెదకుచుందురు. విలువకు మూలమిదియే.

ఇక వెల కట్టు విషయము. లోకమున రెండు తప్పు కొలతలు చెలామణిలో ఉన్నవి. ఒకటి తూకము. పాత ఇనుము వర్తకునికి కుళాయియు ఇనుమే, నాగటి కర్రుయు ఇనుమే. రెండవది, ఎవరో ఎక్కడనో అడిగిన ధర. ఒకడు ఒక చిన్న మరమేకునకు వేయి రూపాయలు అడిగెనని విని, మన యింటి మరమేకులన్నియు వేలు చేయునని మురియుట పొరపాటు. అడిగిన ధర ఆశ మాత్రమే. కొన్నవాడు చెల్లించిన ధరయే ధర. సంతలో మిరప బస్తాకు మనమడిగినది వేరు, చీటీలో పడినది వేరు గదా! తుపాకి భాగమునకును చీటీలో పడిన ధరనే విచారింపవలయును. అదియు ఒకటి గాక నాలుగైదు అమ్మకములు చూడవలయును.

“ఏనుగు బ్రతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి” అని సామెత. గాలి తుపాకి ఏనుగు కాదు. పూర్తిగా ఉన్నపుడు దాని విలువ ఒకటి. అందుండి ఒక ముఖ్య భాగము పోయిన మరుక్షణము మిగిలినదాని విలువ మరియొకటి. మా తప్పంతయు ఇచ్చటనే ఉన్నది. కుళాయి ధరను మేము కుళాయిని చూచి మాత్రమే యెంచితిమి. కుళాయి పోయిన తరువాత మిగిలిన తుపాకి ఎంత చేయునో యెంచలేదు.

సులభముగా తెలియుటకై ఒక లెక్క చెప్పెదము. ఈ అంకెలు ఉదాహరణము కొరకు ఊహించినవే గాని, బజారు ధరలు కావు. పూర్తి తుపాకి 20,000 రూపాయలు చేయుననుకొందము. కుళాయి తీసినచో మిగిలినది 8,000 మాత్రమే చేయును. అనగా కుళాయి పోవుటచే యజమానికి కలుగు నష్టము 12,000. అంతకు తక్కువకు కుళాయిని అమ్మినవాడు, చేతికి రొక్కము వచ్చినను, నష్టపోయినవాడే. ఇక కొనువాని వైపు చూతము. అతని యొద్ద కుళాయి లేని మరియొక తుపాకి కలదు. అది ఇపుడు 6,000 చేయును, కుళాయి చేరినచో 20,000 చేయును. కావున అతనికి లాభము 14,000. అంతకు మించి అతడు ఈయడు. న్యాయమైన ధర ఈ 12,000కును 14,000కును నడుమ ఎక్కడనో ఉండును. అమ్మువాని నష్టము క్రింది హద్దు, కొనువాని లాభము పై హద్దు. కొనువాని లాభము 10,000 మాత్రమే అయినచో ఆ బేరము జరుగరాదు. తుపాకిని పూర్తిగా ఉంచుటయో, పూర్తిగా అమ్ముటయో మేలు.

ఇపుడు మరియొక తుపాకిని తీసికొందము. దాని గొట్టము లోపల తుప్పు తినివేసినది, కొయ్య రెండుగా చీలినది, మీట ఎపుడో పోయినది. అంతయు కలిపి 5,000 చేయును. దాని కుళాయి తీసినచో మిగిలినది 3,000 చేయును. ఈ యజమానికి నష్టము 2,000 మాత్రమే. అతడు కుళాయిని 5,000కు అమ్మినను 3,000 లాభము పొందును, కొనువాడును సంతోషించును. ఒకే కుళాయి! పూర్తి తుపాకిలో నున్నపుడు 12,000కు తక్కువ అమ్మరానిది, పాడైన తుపాకిలో నున్నపుడు 5,000కే లాభసాటి యైనది. కావున విడి భాగములు పాడైన తుపాకుల నుండియే రావలయును, పూర్తి తుపాకులను విప్పి అమ్మరాదు అనునది మా దృఢమైన అభిప్రాయము. ఇది పాత వస్తువులపై మమకారముచే చెప్పుమాట కాదు, లెక్క చెప్పుచున్న మాట.

“అన్ని భాగములును అమ్ముడైనచో మొత్తము తుపాకి ధర కంటె ఎక్కువ రాదా?” అని అడుగవచ్చును. ఒక్కొక్కపుడు వచ్చును, కాదనము. అయితే మంచి భాగములు మొదటి వారముననే పోవును. మిగిలినవి ఏండ్ల తరబడి డబ్బాలో పడియుండును. వర్తకునికి దుకాణము కలదు, ఓపిక కలదు, నలుగురు కొనువారి పరిచయము కలదు. మోటారు మరమ్మతునకు సొమ్ము కావలసిన కర్షకునికి ఇవి లేవు. వర్తకుని లెక్క మనకు వర్తింపదు.

భాగములను మూడు తరగతులుగా విభజించి చూచిన వెల కట్టుట తేలిక యగును.

మొదటి తరగతి, తిరిగి చేయించుకొనగలవి. పిస్టను తలమీది తోలు వాషరు, స్ప్రింగు, సాధారణ మరమేకులు ఇందు చేరును. మంచి తోలు దొరికినచో వాషరును నేర్పరియైన పనివాడు చేయగలడు. పాత స్ప్రింగు ఏండ్ల తరబడి పనిచేసి అలసినది గనుక, అది అసలుదైనను వాడుకకు పనికిరాకపోవచ్చును. ఈ తరగతికి ఎక్కువ వెల ఆశింపరాదు. వాషరు ఎండిపోయి గాలి వదలుచున్నదని తుపాకినే పనికిమాలినదిగా తలచి తక్కువకు ఇచ్చివేయుట మన వారు చేయు పెద్ద పొరపాటు. అది నూనె పట్టించిన సరియగునో, మార్చవలసినదో ముందు చూడవలయును.

రెండవ తరగతి, చేయించుట కష్టమైనవి. వెనుకటి గురి, ట్రిగ్గరు, క్రింది మీట, కంపెనీ గుర్తు చెక్కిన సిలిండరు, విరగని అసలు కొయ్య ఇందు చేరును. మూడు తుపాకులను గూడు వలె నిలిపిన గుర్తు బి. ఎస్. ఏ. వారిది. ఆ గుర్తును, అక్షరములను, సంఖ్యను గీకివేసినచో విలువ తగ్గును. తళతళ మెరయవలయునని గరుకు కాగితముతో రుద్దువారు తమ సొమ్మును తామే రుద్దివేయుచున్నారు. తుప్పును మెత్తని గుడ్డతోను నూనెతోను మెల్లగా తీయవలయును. పాత నీలి నలుపు రంగు కొంత అరిగియున్నను, క్రొత్త పూత కంటె అదియే ఎక్కువ చేయును.

మూడవ తరగతి, జతగా నుండవలసినవి. దీనిని గూర్చియే ఎక్కువ చెప్పవలసియున్నది. గుండు వేయు కుళాయి కొన వైపు సన్నగిలిన చిన్న బిరడా. అది తన గూటిలో గాలి చొరకుండ అమరవలయును. పూర్వపు పనివారు ప్రతి కుళాయిని దాని గూటికి అరగదీసి సరిపుచ్చిరి. మన తిరగలి రాళ్లు రెండును కలిసి అరిగినవి గదా! ఒక తిరగలి పై రాతిని మరియొక తిరగలి క్రింది రాతిపై పెట్టిన పిండి సరిగా పడునా? అట్లే ఒక తుపాకి కుళాయి మరియొక దానిలో దూరినను గాలి వదలవచ్చును. కావున విడి కుళాయిని కొనువాడు, సరిపడకపోవచ్చునను భయమును లెక్కలో చేర్చి ధర తగ్గించును. అది అతని తప్పు కాదు. కుళాయిని దాని గూడుగల సిలిండరుతో కలిపి అమ్మినచో ఆ భయము లేదు, ధరయు నిలుచును. విడదీయుటచే రెండింటికిని నష్టమే.

వీనికి తోడు రంధ్రపు కొలత చూడవలయును. పాత బి. ఎస్. ఏ. తుపాకులలో 1వ నెంబరు రంధ్రము 4.5 మిల్లీమీటర్లు, 2వ నెంబరు 5.5 మిల్లీమీటర్లు. రెండు ప్రపంచ యుద్ధముల నడుమ చేసిన వానిపై వరుస సంఖ్యకు ముందు ఆంగ్లాక్షర ముండును. అది రకమును గుర్తించుటకు తోడ్పడును. తేలిక రకపు భాగము పెద్ద రకమునకు సరిపడకపోవచ్చును. కావున అమ్ముటకు ముందు అక్షరమును, సంఖ్యను, పొడవును వ్రాసికొని, అవి కొనువానికి ముందుగనే తెలుపవలయును.

భాగములను విప్పుటను గూర్చి ఒక హెచ్చరిక. లోపలి స్ప్రింగు విప్పునపుడు కూడ కొంత అణగియే ఉండును. బిగింపు పట్టులేక మూతను ఊడదీసినచో అది ఎగిరి ముఖమునకు తగులవచ్చును. తెలిసిన పనివాని యొద్దనే విప్పించవలయును. మేము చదివిన మిషను పాఠశాలలో వడ్రంగము నేర్పిన మాస్టరుగారు, ఏ వస్తువును విప్పినను దాని మరలను విప్పిన వరుసలోనే అట్టముక్కకు గ్రుచ్చి పెట్టించెడివారు. “మరమేకు పోగొట్టుకొన్నవాడు పనిముట్టును సగము పోగొట్టుకొన్నవాడు” అనెడివారు. అప్పుడది చాదస్తమనుకొంటిమి. కొలతకు సరిపడని మరమేకును బలవంతముగా ఎక్కించి సిలిండరు చుట్లు చెడగొట్టిన తుపాకులను చూచిన పిమ్మట ఆ మాట విలువ తెలిసినది.

అమ్మువాని ధర్మమును గూర్చియు చెప్పవలయును. క్రొత్తగా చేయించిన భాగమును అసలుదని చెప్పి అమ్మరాదు. పగులును మైనముతో కప్పరాదు. ఒకసారి మోసపోయిన కొనువాడు మన గ్రామమునకే మరల రాడు. తడిపిన ప్రత్తిని అమ్మిన ఒక్కని వలన ఊరి ప్రత్తికంతకు చెడ్డపేరు వచ్చుట మనమెరుగుదుము. లోపమును ముందే చెప్పిన వస్తువునకు ధర కొంత తగ్గినను, బేరము తిరిగిరాదు.

చట్టమును మరువరాదు. 1959 నాటి ఆయుధముల చట్టమునందు ఆయుధమను మాటలో దాని భాగములును చేరియున్నవి. 2016 నాటి నియమముల ప్రకారము రంధ్రము 4.5 మిల్లీమీటర్లను మించినను, గుండు వెడలు శక్తి 20 జౌళ్లను మించినను ఆ గాలి తుపాకికి లైసెన్సు కావలయును. కావున 2వ నెంబరు తుపాకి గాని, దాని గొట్టము గాని యింట నున్నవారు అమ్ముటకు ముందు పోలీసు స్టేషనున విచారించి, వారు చెప్పినట్లు నడచుకొనవలయును. పంటపై వాలిన నెమళ్లను కాల్చుటకని ఎవరైన అడిగినచో అట్టివానికి అమ్మనేరాదు. నెమలి 1972 నాటి వన్యప్రాణి చట్టపు మొదటి షెడ్యూలులోనిది. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

ఇక మా సూచన. సంఘ కార్యాలయమున ఒక పుస్తకము తెరువవలయును. అందు సభ్యుల యిండ్లలో అమ్మకమునకున్న పాత గాలి తుపాకుల భాగములు మాత్రమే గాక, పాత ఆయిలు ఇంజనుల భాగములు, పంపుల భాగములు, స్ప్రేయరుల భాగములు కూడ వ్రాయవలయును. ప్రతి పద్దునకు మూడు గడులు చాలును. ఈ భాగము పోయిన మిగిలినది ఎంత చేయును? ఇది కావలసిన సభ్యుడెవరు? ఇట్టిది ఇటీవల ఎంతకు అమ్ముడైనది? పనిముట్లు తెలిసిన ఒకరును, లెక్క తెలిసిన ఒకరును కలిసి వెల నిర్ణయించి సంతకము చేయవలయును. ఆ వెలకే అమ్మితీరవలయునని నిర్బంధము వలదు. తెలిసి తక్కువకు ఇచ్చుట యజమాని యిష్టము, తెలియక ఇచ్చుట సంఘపు లోపము.

“విత్తనములు పంచు సంఘమునకు ఈ పాత సామానుల గొడవ యేల?” అని కొందరు ఆక్షేపింపవచ్చును. ఒంటరిగా సంతకు పోయిన కర్షకుడు ధర తెలియక మోసపోవుచున్నాడనియే గదా సహకార సంఘములు పుట్టినవి! ధాన్యమునకు ధర తెలిపిన సంఘము, కష్టకాలమున అటక మీది నుండి దింపిన వస్తువునకు ధర తెలుపరాదా? ఇంటిలో మగదిక్కు పోయి, పనిముట్లు ఏవి యెందుకో తెలియని స్త్రీలకు ఈ సాయము మరింత అవసరము. మోసపోవుట వస్తువునందు లేదు, ఒంటరితనమునందున్నది.

ఆ పెద్దమ్మగారి తుపాకిలో మిగిలిన సిలిండరు, గొట్టము, కొయ్య ఇపుడు సంఘపు బీరువాలో నున్నవి. పోయిన నాలుగు భాగముల పేర్లు వ్రాసి ఒక చీటీ కట్టితిమి. సిలిండరు పగిలియో, గొట్టము తుప్పుపట్టియో చెడిన తుపాకి గలవారు ఎక్కడనో ఒకరుండకపోరు. వారికి ఇవి కావలయును. అట్టివారు దొరకినపుడు పై చెప్పిన లెక్క ప్రకారమే ధర అడిగెదము. పోయినదంతయు తిరిగిరాదని ఎరుగుదుము. పుస్తకము తెరచుటకు సంఘము వారు సమ్మతించినచో, మొదటి పద్దుగా దీనినే వ్రాయవలసినదని మా మనవి. సభ్యులును తమ అటకలను ఒకసారి చూచుకొని, ఏదియు విప్పకముందే, ఏదియు తూచకముందే, కార్యాలయమునకు తెలుపవలయునని కోరుచున్నాము.